నా స్థాయికి తగిన జబ్బు

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఒకే మాట మీద బతికాను: "ముందు స్విచ్ చూడు." విద్యుత్ శాఖలో ఏఈగా చేరి డీఈగా దిగిపోయేదాకా, నా కింద పనిచేసిన లైన్‌మన్లకు ఈ మాట విని విని విసుగెత్తి ఉంటుంది. పొలం దగ్గర మోటర్ నడవట్లేదని రైతు ఫోన్ చేస్తే చాలు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని రాసేయడానికి కొందరు తయారుగా ఉండేవాళ్లు. ఏబీ స్విచ్ పడి ఉందా, హెచ్‌జీ ఫ్యూజ్ పోయిందా, జంపర్ ఊడిందా? ఇవన్నీ నేల మీద నిలబడి తలెత్తితే కనిపించేవే. ఒక కుర్ర లైన్‌మన్ ఇవేవీ చూడకుండా 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను దింపించి, రైతుల చేత ట్రాక్టర్ కిరాయి పెట్టించి రిపేర్ షెడ్డుకు పంపేశాడు. షెడ్డువాళ్లు పరీక్షించి, నిక్షేపంగా ఉందని తిప్పి పంపారు. పోయింది ఒక ఫ్యూజు తీగ. ఆ కుర్రాణ్ని నలుగురిలో నిలబెట్టి నేనన్న మాటలు ఇక్కడ రాయను. "నీకు కళ్లిచ్చింది దేనికిరా, కూలింగ్ గ్లాసులు పెట్టుకోడానికా?" అన్నది వాటిలో కాస్త మర్యాదైనది.

అలాంటి నేను ఒక గడ్డి కోసే బండి ముందు ఎలా కూలబడ్డానో చెబుతాను.

రిటైరయ్యాక వికారాబాద్ దాటి ధారూర్ మీదుగా తాండూరు పోయే రోడ్డుకు కొంచెం లోపలగా కాస్త భూమి కొన్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసి దిగినవాళ్లకు ఈ దారంటే మహా మోజు. గాలి మంచిదని ఒకప్పుడు క్షయరోగుల కోసం ఆస్పత్రి కట్టిన అనంతగిరి కొండ పక్కనే ఉంటుంది. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని దాటే మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. 2016 అక్టోబర్‌లో వికారాబాద్ జిల్లా కేంద్రం అయ్యాక తోటలూ రిసార్టులూ ఇంకా చిక్కబడ్డాయి. శనివారం సాయంత్రమైతే కార్లు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. వాటిలో ఒకటి మాది.

నేను కొన్న చేన్లో అంతకుముందు కంది పండేది. పక్క చేన్లో ఇప్పటికీ పండుతుంది. తాండూరు కంది అంటే మార్కెట్లో వేరే మర్యాద. ఈ ప్రాంతపు నల్లరేగడి వల్ల ఆ పప్పుకు రుచి వచ్చిందంటారు. 2022 డిసెంబర్‌లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అలాంటి నేలలో నేను గడ్డి వేశాను. బర్లు మేసే గడ్డి అయితే ఊరివాళ్లకు అర్థమయ్యేది. ఇది మేము కుర్చీలు వేసుకుని చూసే గడ్డి. దాని మధ్య నుంచి తాండూరు బండలతో బాట, నీలం బండ ఒక వరస, పసుపు బండ ఒక వరస. "కందులు కొనుక్కుంటూ గడ్డి పండించుకునేది మనమేనేమో ఈ చుట్టుపక్కల," అన్నది మా ఆవిడ. నేను వినిపించుకోలేదు. నా వినిపించుకోకపోవడం ఈ కథలో ఇంకా చాలాచోట్ల వస్తుంది.

గడ్డి పెరిగాక దాన్ని కోసే బండి కావాలి కదా. ఒక రిసార్ట్ మూసేస్తూ సామాన్లు అమ్ముతుంటే పాత రైడింగ్ మోవర్ ఒకటి దొరికింది. మీద కూర్చుని నడిపే బండి. సీటు, స్టీరింగు, కింద వెడల్పాటి డెక్కు, డెక్కు లోపల గిర్రున తిరిగే బ్లేడ్లు. ఒకటే సిలిండర్. సీటు కింద 12 వోల్టుల బ్యాటరీ. ఊరి పిల్లలు దానికి గడ్డి ట్రాక్టర్ అని పేరు పెట్టి, నేను తోలుతుంటే కంచె అవతల వెంట పరిగెత్తేవాళ్లు. ఆ పరుగు చూసి నాకు కలిగిన గర్వం డీఈ ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

దాని పుట్టుపూర్వోత్తరాలు నాకు కంఠతా వచ్చు. ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో, స్ట్రౌడ్ దగ్గర, ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో మొట్టమొదటి గడ్డి కోత యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. మిల్లులో ఉన్ని బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, ఇదే పని గడ్డి మీద ఎందుకు చేయకూడదని ఆయనకు తోచిందట. అంతకుముందు పచ్చిక కోయడమంటే కొడవళ్లు పట్టిన మనుషులో, మేసే గొర్రెలో. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సంక్రాంతికి వచ్చిన బంధువులకు కూడా ఇలాగే చెప్పాను. అంతటితో ఊరుకోకుండా ప్రదర్శన కూడా ఇచ్చాను.

బండి తోలుతూ, బ్లేడ్లు తిరుగుతుండగానే సీట్లోంచి లేచాను. ఇంజన్ టక్కున ఆగిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు నా ఉపన్యాసం. సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది, మనిషి లేస్తే దానికి తెలుస్తుంది. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి జారిపడితే కాళ్లు పోతాయి కాబట్టి అది వెంటనే ఇంజన్‌ను చంపేస్తుంది. అమెరికాలో 1982 నుంచి, తోసుకుంటూ వెళ్లే మోవర్లకు కూడా చెయ్యి వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగి తీరాలని నిబంధన ఉంది. మళ్లీ స్టార్ట్ చేయాలన్నా అంతే. మనిషి సీట్లో ఉండాలి, బ్రేకు తొక్కి ఉండాలి, బ్లేడ్ల నాబు కిందికి నొక్కి ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా సెల్ఫ్‌కు కరెంటు పోనే పోదు. "ఎంత తెలివైన బండో చూశారా," అని ముగించి, తాళం చెవి జేబులో వేసుకుని, బండి మీద పట్టా కప్పించి భోజనాలకు వెళ్లాను.

ఆ నాబు పసుపు రంగుది. పైకి లాగితే బ్లేడ్లు తిరుగుతాయి, కిందికి నొక్కితే ఆగుతాయి. పైకీ కిందికీ తేడా వేలి వెడల్పు. చదువుతున్నవాళ్లకు సంగతి ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి చాలా డబ్బు, కొంత పరువు పట్టింది.

ఎండాకాలమంతా గడ్డి ఎర్రగా మాడి పడుంది, బండితో పని పడలేదు. జూన్‌లో రెండు మంచి వానలు పడేసరికి మోకాలి దాకా లేచింది. పట్టా తీయించి, సీట్లో కూర్చుని, బ్రేకు తొక్కి తాళం తిప్పాను. ఏమీ లేదు. టిక్కుమన్న చప్పుడు కూడా లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, నాకు బాగా తెలిసిన విషయం చెప్పాలి. తాళం తిప్పినప్పుడు బండి మూడు రకాలుగా మొండికేస్తుంది. సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజన్ అందుకోదు. అప్పుడు పెట్రోలో, ప్లగ్గో, గాలో చూసుకోవాలి. టిక్కుటిక్కుమంటుంది కానీ సెల్ఫ్ తిరగదు. అప్పుడు బ్యాటరీ నీరసించిందో, టెర్మినల్ తుప్పు పట్టిందో చూడాలి. మూడోది, అసలు చప్పుడే లేకపోవడం. అంటే సెల్ఫ్ దాకా కరెంటే రావట్లేదు. దారిలో ఎక్కడో స్విచ్ తెరిచి ఉంది, లేదా ఫ్యూజ్ పోయింది, లేదా బ్యాటరీ చచ్చింది. ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, మోపెడ్ తోలేవాడికైనా తెలుస్తుంది.

నేను పెట్రోల్‌ను అనుమానించాను.

ఎందుకంటే అప్పటికి నెల రోజులుగా మా రిటైర్డ్ ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపులో ఇథనాల్ మీద యుద్ధం నడుస్తోంది. పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం 2022లో 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి రావడం మొదలై, ఇప్పుడు అంతటా అదే. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంటే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి. ఇవన్నీ నిజాలే, అందుకే అవి నన్ను ముంచాయి. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట అనుమానం వచ్చేది. బండి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండటం చూసి, "జాతీయ ఇంధన విధానానికి నా బండి బలైపోయింది" అనుకున్నాను. ఎంత హాయిగా ఉందో! నా తప్పు లేదు, బండి తప్పు లేదు. గ్రూపులో ఫోటోతో సహా పెట్టాను. చాలా మంది బొటనవేళ్లు చూపించారు.

తోట చూసుకునే ఆయన మాత్రం బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, "దిష్టి తగిలింది సారూ. పండక్కి అందరూ చూసిన్రు కదా," అన్నాడు. ఒక నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి స్టీరింగుకు కట్టాడు. నేను నవ్వి, చదువుకోనివాళ్ల నమ్మకాల మీద మా ఆవిడకు చిన్న ప్రసంగం చేశాను. లెక్క తేలాక చూసుకుంటే, ఆ బండికి మేం చేసిన వైద్యాలన్నింటిలో కొత్త జబ్బు తేనిది ఆ నిమ్మకాయ ఒక్కటే. అదీగాక, పండక్కి అందరూ చూసినందువల్లే బండి ఆగిందన్న ఆయన మాటలో నా ఇథనాల్ సిద్ధాంతం కంటే నిజం ఎక్కువ ఉంది.

నా వైద్యం మొదలైంది. ట్యాంకు ఖాళీ చేశాను. పైపు మార్చాను. కార్బొరేటర్ విప్పాను. చిన్నప్పుడు మా నాన్న స్కూటర్‌కు విప్పిన అనుభవం ఉంది, ఆ ధైర్యం. తాండూరు బండ మీద పాత దినపత్రిక పరిచి, విప్పినవి విప్పినట్టు వరసగా పేర్చాను. కప్పు, ఫ్లోటు, దాని సన్నటి పిన్ను, జెట్టు, ప్యాకింగులు. లోపల చూస్తే శుభ్రంగా ఉంది. జిగురు లేదు, నీళ్ల జాడ లేదు. అక్కడితో నా సిద్ధాంతం చచ్చిపోవాలి. చావలేదు. "కంటికి కనిపించని జిగురు ఉంటుంది" అనుకుని జెట్టును సన్నటి తీగతో పొడిచి, అన్నీ తుడిచి మళ్లీ బిగించాను. ఆ ప్యాకింగుల్లో ఒకదానికి నడుమ పెద్ద రంధ్రం, ఒక పక్కన శనగగింజంత చిన్న రంధ్రం ఉన్నాయి. చిన్న రంధ్రం ఏ పక్కకు రావాలో గుర్తు లేదు. రెండు వైపులా చూస్తే రెండూ సరిపోయినట్టే ఉన్నాయి. ఒక వైపు పెట్టి బిగించేశాను. ఇది నేను తెచ్చిన మొదటి జబ్బు.

తాళం తిప్పితే మళ్లీ అదే మౌనం. ఎందుకుండదు? కార్బొరేటర్ ఎంత మెరిసినా సెల్ఫ్‌కు దానితో సంబంధమే లేదు.

అప్పుడు బ్యాటరీ మీద పడ్డాను. కనీసం ఇది సరైన దారి. మీటర్ పెట్టి చూశాను, 12.6 వోల్టులు. ఎండాకాలంలో ఇంట్లో ఛార్జర్ పెట్టింది నేనే. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ చూపించే అంకె అది. అయినా మీటర్ వోల్టులు చూపిస్తుంది కానీ సత్తా చూపించదు కదా, లోడు పడితే కూలిపోవచ్చు కదా అని నాకు నేనే వాదించుకుని, వికారాబాద్ వెళ్లి కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చాను. లోడు పెట్టి చూడాలంటే పక్కనే కారు హెడ్‌లైట్ బల్బు ఉంది, రెండు వైర్లు చాలు. ఆ పని ఎందుకు చేయలేదో ఇప్పుడు చెప్పగలను. చేస్తే బ్యాటరీ బాగుందని తేలిపోయేది. బ్యాటరీ మార్చి బండి నడిపించిన మనిషిని కావాలనుకున్నాను నేను.

"మీటర్ ఏం చెప్పింది?" అని మా ఆవిడ అడిగింది.

"బాగానే ఉందని."

"మరి ఇదెందుకు తెచ్చిన్రు?"

"నీకర్థం కాదులే, ఇది టెక్నికల్."

కొత్త బ్యాటరీకి టెర్మినళ్లు తారుమారుగా ఉన్నాయి. పాతదానికి ప్లస్సు ఎడమ పక్క, దీనికి కుడి పక్క. షాపులో ఆ రెండు రకాలుంటాయని తెలిసినవాణ్నే, అడగలేదు. బండి వైర్లు రెండూ మట్టి పట్టి ఒకే రంగుకు వచ్చాయి. పాత అలవాటు కొద్దీ ఎడమ వైరు ఎడమకు, కుడి వైరు కుడికి. అక్కడే ఒక రవ్వ ఎగిరింది. సన్నటి "చిట్" శబ్దం, కాలిన వాసన ఒక్క పొర. చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదు. గబగబా వైర్లు మార్చి బిగించాను. సరైన టెర్మినల్ దాకా అవి కష్టంగా అందాయి, సాగదీసి పట్టుకోవాల్సి వచ్చింది. ఈ బ్యాటరీ తన కోసం కాదని బండి అంతకంటే స్పష్టంగా ఎలా చెబుతుంది?

ఆ రవ్వతో ఫ్యూజ్ పోయింది. ఫ్యూజ్ పోయి ఉంటుందని నాకు ఆ క్షణంలోనే తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య జీవితం గడిపినవాడికి ఆ చప్పుడు అర్థం కాకపోవడం ఉండదు. కానీ ఫ్యూజ్ విప్పి చూస్తే ప్లస్సూ మైనస్సూ తారుమారు చేశానని ఒప్పుకోవాలి. ఎవరి ముందూ కాదు, నా ముందే. ఆ ఒక్కటి తప్పించుకోవడానికి నేను ఫ్యూజ్ పెట్టె మూత కూడా తీయలేదు. తెలియక చేసిన పనులకు సిగ్గుపడను, ఈ పనికి మాత్రం పడతాను. తెలివితక్కువతనంలో రెండు మెట్లున్నాయి. తెలియకపోవడం మొదటిది. తెలిసినదాన్ని చూడకుండా తల తిప్పుకోవడం రెండోది. ఆ మధ్యాహ్నం రెండో మెట్టు దిగాను.

ఇక బండిని తాండూరుకు తీసుకుపోవడమే మార్గమన్నాను. పెద్ద జబ్బు, పెద్ద డాక్టరు. ట్రాలీ ఆటో మాట్లాడి, పలకల మీదుగా నలుగురు ఎక్కించి, తాళ్లు బిగించారు. ఆ తాళ్లు బిగుస్తున్నప్పుడైనా ట్రాక్టర్ ఎక్కిన ఆ ట్రాన్స్‌ఫార్మర్ నాకు గుర్తు రావాల్సింది. రాలేదు. ఆటో డ్రైవర్ పక్కన కూర్చుని దారి పొడుగునా ఇథనాల్ గురించి చెబుతూ పోయాను.

తాండూరులో యంత్రాలకు వైద్యం చేసేవాళ్లకు కొదవ లేదు. ఊరి బతుకంతా రాయి మీద. గనుల్లోంచి పలకలుగా వచ్చే నాపరాయిని కోసే మిషన్లు, అంచులు తీర్చే మిషన్లు, పాలిష్ పట్టే మిషన్లు పగలంతా నీళ్లలో తడుస్తూ, తెల్లటి రాతి బురదలో మునుగుతూ తిరుగుతుంటాయి. ఆ బురద బేరింగుల్లోకి పోతుంది, మోటర్లలోకి పోతుంది. దాంతో రోజూ ఏదో ఒకటి మొరాయిస్తుంది. వాటిని బాగు చేసే షాపులు రోడ్డు పక్కన వరసగా ఉంటాయి. అక్కడ ఒకే మాటలో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి. కర్ణాటక సరిహద్దు అక్కడికి దగ్గరే.

నేను వెళ్లిన షాపులో అందరూ ఉస్తాద్ అని పిలిచే ఒక పెద్దాయన ట్రాక్టర్ సెల్ఫ్ మోటర్ ఒకటి ఒళ్లో పెట్టుకుని బుష్షులు వేస్తున్నాడు. మోచేతుల దాకా రాతి పొడీ గ్రీజూ కలిసిన బూడిద రంగు. గడ్డి కోసే బండి ఎప్పుడైనా చూశావా అని అడిగితే లేదన్నాడు. నాకు జాలేసింది, ఆయన మీద. అయినా చెప్పడం మొదలుపెట్టాను. ఇథనాల్, తేమ, కార్బొరేటర్, కొత్త బ్యాటరీ. ఆయన సెల్ఫ్ మోటర్ పక్కన పెట్టి ఓపిగ్గా విన్నాడు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు.

"తాళం తిప్పితే చప్పుడొస్తదా సార్?"

"రాదు."

"టిక్కు గూడ?"

"అది కూడా రాదు."

"మరి పెట్రోల్ ఎందుకిప్పిన్రు?"

నా దగ్గర జవాబు లేదు. పక్కన టీ తాగుతున్న ఆటో డ్రైవర్ మొహం అటు తిప్పుకున్నాడు.

ఉస్తాద్ దగ్గర మీటర్ లేదు. స్కూటర్ ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించి ఉంది, ఒక వైరు చివర మొసలి క్లిప్పు, ఇంకోదాని చివర సూది. క్లిప్పు బండి ఇనుముకు తగిలించి, సూది బ్యాటరీ ప్లస్సు మీద పెట్టాడు. వెలిగింది. ఫ్యూజుకు ఇవతల పెట్టాడు. వెలిగింది. అవతల పెట్టాడు. వెలగలేదు. ఫ్యూజ్ పీకి వెలుతురుకు ఎత్తి చూపించాడు. లోపలి తీగ మధ్యలో తెగి, ప్లాస్టిక్ మీద నల్లటి మరక. "బ్యాటరీ ఉల్టా పెట్టినట్టున్నరు," అన్నాడు, తప్పు పట్టినట్టు కాకుండా వానొచ్చేటట్టుంది అన్నంత మామూలుగా. నేను "ఏమో, షాపువాళ్లు..." అని ఏదో గొణిగాను. అవును, పచ్చి అబద్ధం. దాన్నీ ఈ లెక్కలో వేసుకోండి.

కొత్త ఫ్యూజ్ పెట్టి నన్ను సీట్లో కూర్చోమన్నాడు. బ్రేకు తొక్కమన్నాడు. తాళం తిప్పమన్నాడు. చప్పుడు లేదు. నాకు లోలోపల కొంచెం సంతోషం కలిగింది, చూశావా అంత తేలిక కాదని. ఆయన సూదిని సెల్ఫ్ రిలే సన్న వైరు మీద పెట్టి మళ్లీ తిప్పమన్నాడు. బల్బు వెలగలేదు. "సెల్ఫ్ దాకా కరెంట్ వస్తలేదు. నడుమ ఏదో స్విచ్ తెరిచున్నది," అని ఆ వైరును వేలితో పట్టుకుని వెనక్కి పోయాడు. సీటు కింద స్విచ్, బ్రేకు దగ్గర స్విచ్, ఒక్కోదాని దగ్గరా బల్బు. రెండూ దాటి ఆయన వేలు డాష్‌బోర్డు కిందికి పోయి, పైకి వచ్చి, పసుపు నాబు దగ్గర ఆగింది.

"ఇదేంది సార్?"

నేను చెప్పడానికి నోరు తెరిచాను. బ్లేడ్ల నాబు, పైకి ఉంటే బ్లేడ్లు ఆన్‌లో ఉన్నట్టు, ఆన్‌లో ఉంటే స్టార్ట్ కాదు, అది రక్షణ కోసం... సంక్రాంతి ఉపన్యాసం మాటకు మాట గొంతులోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. బ్లేడ్లు తిరుగుతుండగా సీట్లోంచి లేచి, చప్పట్లు అందుకుని, నాబు కిందికి నొక్కకుండా భోజనానికి వెళ్లిన మనిషి కళ్ల ముందు కదిలాడు. ఏమీ అనకుండా చెయ్యి చాపి నాబు నొక్కాను. తాళం తిప్పాను. సెల్ఫ్ గిర్రున తిరిగింది.

ఇంజన్ ఒకసారి అందుకుని, రెండుసార్లు ముక్కు ఎగబీల్చి చచ్చిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ అదే. ఉస్తాద్ నా మొహం చూసి, "కార్బొరేటర్ మీరే ఇప్పిన్రు గదా," అన్నాడు. విప్పి, ఆ ప్యాకింగు తీసి, శనగగింజంత రంధ్రాన్ని వేలిగోటితో చూపించాడు. కార్బొరేటర్ కప్పులోకి గాలి పోయే దారి అది. నేను ప్యాకింగు తిరగేసి పెట్టడంతో ఆ దారి మూసుకుపోయింది. గాలి లోపలికి పోకపోతే కప్పులోంచి పెట్రోల్ పైకి రాదు. సరి చేసి బిగించాడు. బండి ఒక్క తిప్పుకే అందుకుని, తెల్లటి పొగ కాసేపు కక్కి, సాఫీగా ఆడింది.

డబ్బులెంత అని అడిగితే చాలా తక్కువ చెప్పాడు. ఆటో కిరాయిలో నాలుగో వంతు కూడా లేదు. ఇంకా తీసుకొమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

"బండికేం కాలే సార్. మీరు బాగు చేసిందాన్నే నేను బాగు చేసిన."

తిరిగి వచ్చేటప్పుడు ఇథనాల్ మాట ఎత్తలేదు. ఆటో డ్రైవర్ కూడా ఎత్తలేదు. మంచివాడు.

అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలట్లేదు. ఇంతా తెలిసినవాణ్ని, ఇంతమందికి నేర్పినవాణ్ని, ఎందుకిలా చేశాను? వయసు మీద నెట్టేయొచ్చు. మా పిల్లలు మర్యాద కోసం అదే అన్నారు. కానీ మతిమరుపు అయితే నేను ఒక్క నాబు దగ్గర తప్పిపోవాలి. నేను ప్రతి మలుపులోనూ ఖరీదైన దారే పట్టాను. కార్బొరేటర్, బ్యాటరీ, తాండూరు ప్రయాణం. చవకైన పరీక్ష ఎదురుగా ఉన్నప్పుడల్లా దాన్ని తప్పించుకున్నాను. ఎంత ఆలోచించినా ఒకటే తేలింది. నాకు నా స్థాయికి తగిన జబ్బు కావాలి. లక్షలు పెట్టి కొన్న బండి, డీఈగా చేసిన మనిషి, వేలి వెడల్పు నాబు వల్ల ఆగిపోవడమా? ఇథనాల్ అయితే గౌరవంగా ఉంటుంది. అందులో దేశం ఉంది, రసాయన శాస్త్రం ఉంది, నలుగురికి చెప్పుకునే విషయం ఉంది. నాబులో నేను తప్ప ఎవరూ లేరు.

ఆ కుర్ర లైన్‌మన్ విషయంలోనూ ఇంతే జరిగిందేమోనని ఇప్పుడనిపిస్తుంది. వాడికి కళ్లు లేక కాదు. ఊరంతా చుట్టూ మూగి, మోటర్లు ఆగి, పైరు ఎండిపోతోందని అరుస్తుంటే, "ఫ్యూజు తీగ పోయింది, ఇంతే" అనడానికి ధైర్యం కావాలి. అంత పెద్ద గోలకు అంత చిన్న కారణం చెబితే ఎవరూ నమ్మరు. ట్రాన్స్‌ఫార్మర్ దింపితే మాత్రం పని చేసినట్టు కనిపిస్తుంది. నా దగ్గర అరిచే ఊరు కూడా లేదు. నిమ్మకాయ కట్టిన ఒక మనిషి, మీటర్ ఏం చెప్పిందని అడిగిన మా ఆవిడ, వీళ్లిద్దరి ముందు పెద్దరికం నిలబెట్టుకోవడానికే ఇంత చేశాను.

ఒక బాకీ మిగిలింది. మా ఇంజనీర్ల గ్రూపులో నేను పెట్టిన ఫోటో, దాని కింద "ఇథనాల్ దెబ్బ" అని రాసిన వాక్యం ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అది అక్కడి నుంచి ఇంకో గ్రూపుకు, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయింది. ఈ మధ్య ఒక మిత్రుడు ఫోన్ చేసి, తన జనరేటర్ తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదనీ, నా పోస్టు చదివి ట్యాంకు మొత్తం ఖాళీ చేశాననీ, కార్బొరేటర్ ఎలా విప్పాలో చెప్పమనీ అడిగాడు. విప్పవద్దని మాత్రం చెప్పాను, ఎందుకో చెప్పలేదు. నోరు రాలేదు. ఈ వ్యాసం ఆయనకు పంపిస్తాను, గ్రూపులోనూ పెడతాను.

కాబట్టి మిత్రులారా, బండిని నెలల తరబడి ఆపి పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయండి, ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ తాళం తిప్పితే చప్పుడే లేనప్పుడు పెట్రోల్ జోలికి పోకండి. సీట్లో సరిగ్గా కూర్చున్నారా, బ్రేకు పూర్తిగా తొక్కారా, బ్లేడ్ల నాబు కిందికి ఉందా? ఆ తర్వాత ఫ్యూజ్, ఆ తర్వాత టెర్మినళ్లు, ఆ తర్వాత బ్యాటరీ. మొదటి మూడింటికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఇంతా చూశాక కూడా బండి కదలకపోతే తాండూరులో ఉస్తాద్ ఉన్నాడు. వెళ్లేటప్పుడు మీ సిద్ధాంతాలు ఇంట్లో పెట్టి వెళ్లండి, ఆయన అడిగే ఒక్క ప్రశ్నకు జవాబు తీసుకెళ్తే చాలు.